బ్లాక్‌చైన్ మీద గుర్తింపు, డేటా నిల్వ యాప్ కట్టడం: డెవలపర్లకు సమగ్ర మార్గదర్శి

బ్లాక్‌చైన్ గుర్తింపు యాప్ మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ముందు టూల్స్ జాబితా వెతుకుతారు. ఏ ఫ్రేమ్‌వర్క్ వాడాలి, ఏ చైన్ మంచిది, ఏ స్టోరేజ్ చవక అని చూస్తారు. నా దృష్టిలో వాటన్నిటికంటే ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది: చైన్ మీద ఏం పెట్టకూడదు? ఇది తేలిపోతే టూల్స్ ఎంపిక సగం దానంతటదే జరుగుతుంది. తేలకుండా కోడ్ రాయడం మొదలుపెడితే, ఏదో ఒక రోజు ఒక యూజర్ వచ్చి "నా వివరాలు తీసేయండి" అన్నప్పుడు మీ దగ్గర సమాధానం ఉండదు. చైన్ మీదకు ఒకసారి వెళ్లింది వెనక్కి రాదు.

ఈ గైడ్ మొత్తానికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. ఒక శిక్షణ సంస్థ కోర్సు పూర్తి చేసినవాళ్లకు డిజిటల్ సర్టిఫికెట్ ఇస్తుంది. నేర్చుకున్నవారు దాన్ని తమ ఫోన్‌లోని వాలెట్‌లో (కీలు, సర్టిఫికెట్లు దాచే యాప్‌లో) దాచుకుంటారు. ఉద్యోగం ఇవ్వబోయే కంపెనీ దాన్ని సరిచూసుకుంటుంది. సర్టిఫికెట్‌తో పాటు ప్రాజెక్ట్ ఫైళ్లు, మార్కుల వివరాలు లాంటి పెద్ద డేటా కూడా ఉంటుంది. ఈ రంగంలో సంస్థ, నేర్చుకున్నవారు, కంపెనీ, ఈ ముగ్గురినీ వరుసగా ఇష్యూయర్, హోల్డర్, వెరిఫయర్ అంటారు. జావాస్క్రిప్ట్ లేదా టైప్‌స్క్రిప్ట్ వచ్చి, పబ్లిక్ కీకి ప్రైవేట్ కీకి తేడా తెలిస్తే చాలు, మిగతాది ఇక్కడ పట్టుకోవచ్చు.

మొదటి అడుగు: ఏది ఎక్కడ ఉండాలో కాగితం మీద తేల్చుకోండి

ముందు ఖర్చు లెక్క చూద్దాం. ఎథీరియం అనే బ్లాక్‌చైన్‌లో కాంట్రాక్ట్ (చైన్ మీద నడిచే ప్రోగ్రామ్) స్టోరేజ్ 32 బైట్ల స్లాట్లుగా ఉంటుంది. చైన్ మీద చేసే పనికి పడే రుసుమును గ్యాస్ అనే కొలతలో లెక్కిస్తారు. ఖాళీ స్లాట్‌లో మొదటిసారి రాయడానికి 20,000 గ్యాస్, ఆ లావాదేవీలో ఆ స్లాట్‌ను మొదటిసారి తాకినందుకు ఇంకో 2,100 గ్యాస్ పడుతుంది. అంటే ఒక కిలోబైట్ రాయడానికి 32 స్లాట్లు, మొత్తం ఏడు లక్షలకు పైగా గ్యాస్. ఒకరి నుంచి ఇంకొకరికి ఈథర్ పంపడానికి అయ్యేది 21,000 మాత్రమే. 200 కిలోబైట్ల ఫొటో పెట్టాలంటే 14 కోట్ల గ్యాస్ దాటుతుంది, అది ఒక్క బ్లాక్‌లో పట్టదు కూడా. 2024 మార్చిలో డెన్‌కున్ అప్‌గ్రేడ్‌తో వచ్చిన బ్లాబ్‌లు (తాత్కాలిక డేటా ముద్దలు) చవకే గానీ, దాదాపు 18 రోజుల తర్వాత నోడ్‌లు (నెట్‌వర్క్‌ను నడిపే కంప్యూటర్లు) వాటిని వదిలేస్తాయి. అవి లేయర్ 2 నెట్‌వర్క్‌ల (ఎథీరియం మీద ఆధారపడి చవకగా నడిచే చైన్ల) కోసం చేసినవి, నిల్వ కోసం కాదు.

ఖర్చు కంటే పెద్ద విషయం గోప్యత. "మేము పేరు, ఫోన్ నంబర్ పెట్టం, వాటి హాష్ మాత్రమే పెడతాం" అని చాలా డిజైన్లలో రాసి ఉంటుంది. హాష్ అంటే డేటా నుంచి లెక్కగట్టే, నేరుగా వెనక్కి తిప్పలేని స్థిర పొడవు సంకేతం. అయినా ఇది రక్షణ కాదు. పది అంకెల నంబర్లు ఎన్ని ఉన్నా వెయ్యి కోట్లకు మించవు. మామూలు గ్రాఫిక్స్ కార్డు ఒకటి సెకనుకు వందల కోట్ల ఎస్‌హెచ్‌ఏ-256 హాష్‌లు లెక్కగడుతుంది. కాబట్టి అన్ని నంబర్లనూ హాష్ చేసి పోల్చి చూస్తే, ఆ హాష్ వెనక ఉన్న నంబర్ కొన్ని సెకన్లలో బయటపడుతుంది. పుట్టిన తేదీ అయితే అంత సేపు కూడా పట్టదు. హాష్ చేయక తప్పని చోట, 32 బైట్ల ర్యాండమ్ విలువ (సాల్ట్) కలిపి హాష్ చేయండి. ఆ సాల్ట్ చైన్ బయటే ఉండాలి.

మన ఉదాహరణకు విభజన ఇలా వస్తుంది. చైన్ మీద ఇష్యూయర్ కీల మార్పులు, ఒక్కో బ్యాచ్ సర్టిఫికెట్లకు ఒక మెర్కిల్ రూట్ (అన్నిటి హాష్‌లనూ జతలుగా కలుపుతూ పోగా చివరికి మిగిలే ఒక్క హాష్) ఉంటాయి, అంతే. సర్టిఫికెట్ హోల్డర్ వాలెట్‌లో ఉంటుంది. పెద్ద ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయ్యి చైన్ బయటి స్టోరేజ్‌లో ఉంటాయి. పేరు, ఫొటో, మార్కులు చైన్ మీద ఏ రూపంలోనూ ఉండవు.

రెండో అడుగు: మెషీన్ సిద్ధం చేసుకోవడం

దీని మీద ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు. నోడ్‌జేఎస్ ఎల్‌టీఎస్ వెర్షన్, టైప్‌స్క్రిప్ట్, కాంట్రాక్టుల కోసం ఫౌండ్రీ చాలు. ఫౌండ్రీలో ఫోర్జ్ టెస్టులు నడుపుతుంది, కాస్ట్ కమాండ్ లైన్ నుంచి చైన్‌తో మాట్లాడుతుంది, ఆన్విల్ మీ మెషీన్ మీదే ఒక లోకల్ చైన్ నడుపుతుంది. టెస్టులు జావాస్క్రిప్ట్‌లో రాయడం అలవాటైతే హార్డ్‌హ్యాట్ తీసుకోండి, అదీ మంచిదే. ఫ్రంటెండ్ నుంచి చైన్‌ను చదవడానికి వీఎమ్ (viem) లేదా ఈథర్స్ (ethers) లైబ్రరీ.

పాత ట్యుటోరియల్స్ విషయంలో జాగ్రత్త. ట్రఫుల్, గనాష్ అనే పాత డెవలప్‌మెంట్ టూల్స్‌ను ఆపేస్తున్నట్టు వాటిని నడిపిన కాన్‌సెన్సిస్ సంస్థ 2023 సెప్టెంబర్‌లో ప్రకటించింది. గోయర్లీ టెస్ట్‌నెట్ (నిజమైన డబ్బు లేకుండా ప్రయోగాలు చేసే చైన్) కూడా మూతపడింది. ఒక పాఠంలో ఈ పేర్లు కనిపిస్తే అందులోని మిగతా సలహాలు కూడా పాతబడి ఉండొచ్చని అనుకోండి. యాప్ పరీక్షలకు సెపోలియా టెస్ట్‌నెట్ వాడండి.

ఆన్విల్ మొదలవగానే పది అకౌంట్లు, ఒక్కోదానిలో 10,000 టెస్ట్ ఈథర్ చూపిస్తుంది. ఆ ప్రైవేట్ కీలు అందరికీ తెలిసినవే, ప్రపంచంలో ఎవరు ఆన్విల్ నడిపినా అవే వస్తాయి. వాటిని లోకల్ చైన్ దాటి ఎక్కడా వాడకండి. నిజమైన డిప్లాయ్ కీని ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లో మామూలు టెక్స్ట్‌గా పెట్టకుండా, కాస్ట్ వాలెట్ ఇంపోర్ట్ కమాండ్‌తో పాస్‌వర్డ్ ఉన్న కీస్టోర్‌లోకి చేర్చండి. ఎన్విరాన్‌మెంట్ ఫైల్ పొరపాటున గిట్‌లోకి వెళ్లిపోవడం ఈ రంగంలో రోజూ జరిగేదే. వెళ్లాక ఆ కమిట్ తీసేసినా ఫలితం లేదు. ఆ కీ పోయినట్టే లెక్క.

మూడో అడుగు: డీఐడీ పద్ధతిని ఎంచుకోవడం

ఎవరి అనుమతీ లేకుండా ఎవరైనా తామే తయారు చేసుకోగల గుర్తింపు చిరునామాను డీఐడీ అంటారు. దాన్ని రిజాల్వ్ చేస్తే, అంటే ఆ చిరునామాతో వెతికితే, ఒక చిన్న డాక్యుమెంట్ వస్తుంది. "ఈ గుర్తింపు తరఫున సంతకం చేయగల పబ్లిక్ కీలు ఇవి" అన్నది అందులో ఉంటుంది. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ ఈ డీఐడీ ప్రమాణాన్ని 2022 జులైలో అధికారిక సిఫారసుగా ఆమోదించింది. ప్రమాణం ఒకటే అయినా దాని కింద పద్ధతులు చాలా ఉన్నాయి. మూడింటిని బాగా అర్థం చేసుకుంటే మిగతావి తేలిక.

డీఐడీ కీ పద్ధతిలో పబ్లిక్ కీయే చిరునామా. సర్వర్ అక్కర్లేదు, చైన్ అక్కర్లేదు, ఖర్చు లేదు. కానీ కీ మార్చడం కుదరదు, కీ మారితే గుర్తింపే మారిపోతుంది. డీఐడీ వెబ్‌లో డాక్యుమెంట్ మీ వెబ్‌సైట్ మీద ఒక నిర్ణీత చోట ఉంటుంది. పెట్టడం చాలా తేలిక. అయితే డొమైన్ ఎవరి చేతిలో ఉంటే గుర్తింపు వాళ్లదే, పైగా నిన్న అక్కడ ఏ కీ ఉందో ఈరోజు నిరూపించే దారి అందులో లేదు. డీఐడీ ఈథర్ పద్ధతి ఈఆర్‌సీ-1056 (ఎథీరియం ప్రమాణాల్లో ఒకటి) అనే రిజిస్ట్రీ కాంట్రాక్ట్ మీద నడుస్తుంది. ఏ ఎథీరియం చిరునామా అయినా ఒక్క లావాదేవీ కూడా లేకుండా డీఐడీగా పనికొస్తుంది. ఓనర్‌ను మార్చాలన్నా, కొత్త కీ చేర్చాలన్నా అప్పుడు మాత్రమే లావాదేవీ చేయాలి. ఆ మార్పులు ఈవెంట్లుగా (కాంట్రాక్ట్ వెలువరించే లాగ్ రికార్డులుగా) చైన్ మీద ఉండిపోతాయి కాబట్టి, ఫలానా బ్లాక్ నాటికి ఏ కీలు చెల్లుబాటులో ఉన్నాయో తర్వాతెప్పుడైనా తెలుసుకోవచ్చు.

శిక్షణ సంస్థకు నేను డీఐడీ ఈథర్ తీసుకుంటాను, ఆ పాత చరిత్ర కోసమే. దానికి తోడు, "ఈ డీఐడీ మాదే" అని సంస్థ తన డొమైన్ మీద సంతకంతో ప్రకటించే డొమైన్ లింకేజ్ ఫైల్ కూడా పెట్టాలి. లేకపోతే ఆ పొడవాటి చిరునామా ఎవరిదో చూసేవాళ్లకు తెలియదు.

హోల్డర్ విషయం వేరు. వాళ్లకు ఎథీరియం చిరునామాను గుర్తింపుగా ఇవ్వకండి. ఇస్తే సర్టిఫికెట్ చూసిన ప్రతి కంపెనీకీ ఆ చిరునామాలో ఎంత డబ్బుందో, ఏం కొన్నారో, ఎవరికి పంపారో కనిపిస్తుంది. హోల్డర్లకు డీఐడీ కీ సరిపోతుంది, అది కూడా ఒక్కో ఇష్యూయర్‌తో ఒక్కో కొత్త కీ. ఫోన్ పోతే? సంస్థ మనిషిని మళ్లీ సరిచూసుకుని, పాత సర్టిఫికెట్ రద్దు చేసి, కొత్త కీకి కొత్తది ఇస్తుంది. వినడానికి మామూలుగా ఉన్నా, వాలెట్‌ను తిరిగి తెచ్చుకోవడానికి పనికొచ్చే 12 పదాల సీడ్ ఫ్రేజ్‌ను మామూలు జనం ఏళ్ల తరబడి భద్రంగా దాస్తారని ఆశపడటం కంటే ఇది ఎన్నో రెట్లు నమ్మదగిన ఏర్పాటు.

నాలుగో అడుగు: ఏజెంట్ పెట్టి సర్టిఫికెట్ జారీ చేయడం

కీలు తయారు చేయడం, డీఐడీలు రిజాల్వ్ చేయడం, క్రెడెన్షియల్ (ఇక్కడ మన సర్టిఫికెట్) మీద సంతకం పెట్టడం, ఇవన్నీ మీరే మొదటి నుంచి రాయకూడదు. వీటిని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను ఏజెంట్ అంటారు. టైప్‌స్క్రిప్ట్‌లో వెరామో మంచి ప్రారంభం. అది ప్లగిన్‌ల కూర్పు: కీ మేనేజర్, డీఐడీ మేనేజర్, రిజాల్వర్, క్రెడెన్షియల్ ప్లగిన్, డేటాబేస్ ప్లగిన్. మొబైల్ వాలెట్ కూడా కడుతున్నా, ఓపెన్‌ఐడీ ఆధారంగా క్రెడెన్షియల్ జారీ చేసే ప్రొటోకాల్స్ కావాలన్నా క్రెడో చూడండి, అది రియాక్ట్ నేటివ్‌లో కూడా నడుస్తుంది. సర్వర్ పైథాన్‌లో ఉంటే ఆకాపై (ACA-Py). వాటిలో ఏది తీసుకున్నా కింది వరుస దాదాపు ఇదే.

ముందుగా వెరామో కమాండ్ లైన్ నుంచి ఒక సీక్రెట్ కీ తయారు చేయండి. డేటాబేస్‌లో దాచే ప్రైవేట్ కీలన్నీ దీనితో ఎన్‌క్రిప్ట్ అవుతాయి. అందుకే ఇది డేటాబేస్ ఉన్న చోట ఉండకూడదు. తర్వాత డేటాబేస్ ప్లగిన్‌ను ఎస్‌క్యూలైట్‌తో కలపండి, అభివృద్ధి దశకు అది చాలు. రిజాల్వర్‌కు డీఐడీ ఈథర్, డీఐడీ కీ రెండూ చేర్చండి. ఈథర్ రిజాల్వర్‌కు ఒక ఆర్‌పీసీ (చైన్ సమాచారం అడిగి తెచ్చుకునే సర్వర్) చిరునామా ఇవ్వాలి. ఇక్కడ కొంచెం ఆగండి. ఆ ఆర్‌పీసీ సర్వర్ అబద్ధం చెబితే మీ యాప్ తప్పుడు కీని నమ్మేస్తుంది. అసలు సేవలో కనీసం రెండు వేర్వేరు ఆర్‌పీసీలను అడిగి జవాబులు పోల్చండి, లేదా మీ సొంత నోడ్ నడపండి.

ఇష్యూయర్ డీఐడీ తయారయ్యాక క్రెడెన్షియల్ నమూనా రాయండి. వెరిఫయబుల్ క్రెడెన్షియల్ ప్రమాణంలో 1.1 వెర్షన్ 2022లో, 2.0 వెర్షన్ 2025 మేలో వచ్చాయి. రెంటిలో తేదీల ఫీల్డ్ పేర్లు వేరు. పాతదానిలో జారీ తేదీ, గడువు తేదీ అని ఉంటే, కొత్తదానిలో ఎప్పటి నుంచి చెల్లుతుంది, ఎప్పటి దాకా చెల్లుతుంది అని ఉంటాయి. లైబ్రరీ ఏ వెర్షన్‌తో పని చేస్తుందో చూసుకుని, ఒక్కదానికే కట్టుబడండి. రెండూ కలిపితే వెరిఫయర్ దగ్గర అర్థం కాని ఎర్రర్లు వస్తాయి.

సంతకం రూపం కోసం జేడబ్ల్యూటీతో (సంతకం చేసిన జేసాన్ టోకెన్‌తో) మొదలుపెట్టండి. ఇంకో రూపమైన జేసాన్-ఎల్‌డీ సంతకాల్లో డేటాను ముందు ఒక ప్రామాణిక రూపంలోకి మార్చి ఆ తర్వాత హాష్ చేయాలి. ఫీల్డ్ పేర్ల అర్థాలు చెప్పే కాంటెక్స్ట్ ఫైళ్లు బయటి సర్వర్ల నుంచి తెచ్చుకోవాలి. అది తప్పు అని కాదు, కానీ మొదటి యాప్‌కు అంత బరువు అనవసరం. సర్టిఫికెట్‌లో కొంత భాగమే చూపించే వీలు కావాలంటే ఎస్‌డీ-జేడబ్ల్యూటీ వాడొచ్చు. ఇందులో ఒక్కో ఫీల్డ్‌కు సాల్ట్ కలిపిన హాష్ మాత్రమే సంతకంలోకి వెళ్తుంది, హోల్డర్ ఏ ఫీల్డ్ విప్పితే అదొక్కటే కనిపిస్తుంది. మార్కులు దాచి, ఉత్తీర్ణత మాత్రమే చూపించాలనుకునేవాళ్లకు ఇది నిజంగా పనికొచ్చే సౌకర్యం. మన ఉదాహరణకు నేను ఇదే వాడతాను.

క్రెడెన్షియల్‌లో ఏం పెట్టాలి అన్నదానికి నా కొలత ఒకటే: వెరిఫయర్ నిర్ణయం తీసుకోవడానికి కావలసినంత, అంతకు మించి వద్దు. కోర్సు పేరు, స్థాయి, పూర్తి చేసిన తేదీ, హోల్డర్ పేరు చాలు. ఇంటి చిరునామా, పుట్టిన తేదీ "ఎప్పుడైనా పనికొస్తాయి" అని చేర్చకండి.

ఐదో అడుగు: సిబ్బంది లాగిన్

సర్టిఫికెట్లు జారీ చేసే డాష్‌బోర్డ్‌కు ఈఐపీ-4361 అంటే సైన్-ఇన్ విత్ ఎథీరియం బాగా సరిపోతుంది. సర్వర్ ఒక నాన్స్ (ఒక్కసారే వాడే ర్యాండమ్ విలువ) ఇస్తుంది, వాలెట్ ఒక స్పష్టమైన వాక్యం మీద సంతకం చేస్తుంది, సర్వర్ సరిచూస్తుంది. ఎక్కువ మంది తప్పు చేసేది సరిచూసే దగ్గరే. సంతకం సరైనదేనా అని మాత్రం చూసి వదిలేస్తారు. సందేశంలోని డొమైన్ మీ డొమైనేనా, నాన్స్ మీరు ఇచ్చిందేనా, ఇంతకుముందు వాడారా, గడువు దాటిందా, చైన్ ఐడీ సరిపోతుందా అన్నవి కూడా సర్వర్ వైపే చూడాలి. డొమైన్ చూడకపోతే నకిలీ సైట్ ఒకటి సిబ్బంది చేత సంతకం పెట్టించి, ఆ సంతకంతోనే మీ డాష్‌బోర్డ్‌లోకి వచ్చేస్తుంది. కాంట్రాక్ట్ వాలెట్లు (ప్రైవేట్ కీకి బదులు ఒక కాంట్రాక్ట్ నడిపే వాలెట్లు) వాడేవాళ్లు ఉంటే ఈఆర్‌సీ-1271 పద్ధతిలో ఆ కాంట్రాక్ట్‌నే అడగాలి, ఎందుకంటే వాటికి మామూలు సంతకం ఉండదు.

లాగిన్ కీ వేరు, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే కీ వేరు. ఈ రెండింటినీ ఒకటి చేయకండి.

ఆరో అడుగు: ఫైళ్లు దాచడం

ఇక్కడ వరుస చాలా ముఖ్యం. ముందు ఎన్‌క్రిప్షన్, తర్వాత అప్‌లోడ్. ఐపీఎఫ్‌ఎస్ అనేది ఫైళ్లను చాలా కంప్యూటర్లు పంచుకునే నెట్‌వర్క్. అందులో ఏదైనా పెడితే, దాని సీఐడీ (ఫైల్‌లోని డేటా నుంచి పుట్టే చిరునామా) తెలిసినవాళ్లు ఎవరైనా తెచ్చుకోవచ్చు. సీఐడీ రహస్యంగా ఉంటుందని అనుకోకండి. మీ నోడ్ తన దగ్గర ఏముందో మిగతా నోడ్‌లకు తానే ప్రకటిస్తుంది.

ప్రతి ఫైల్‌కు ఒక కొత్త 256 బిట్ల ర్యాండమ్ కీ తయారు చేయండి. దానితో ఫైల్‌ను ఏఈఎస్-జీసీఎం పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేయండి, బ్రౌజర్‌లోని వెబ్ క్రిప్టోలో ఇది ముందే ఉంది. జీసీఎంలో 96 బిట్ల ప్రారంభ విలువ ఒకే కీతో రెండోసారి వాడితే రక్షణ కూలిపోతుంది. ఫైల్‌కో కీ పెట్టుకుంటే ఆ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. ఆ తర్వాత ఆ చిన్న కీని హోల్డర్ పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేయండి. లిబ్‌సోడియంలోని సీల్డ్ బాక్స్ దీనికోసమే ఉంది. రేపు ఒక కంపెనీకి ఫైల్ చూపించాలంటే పెద్ద ఫైల్‌ను మళ్లీ అప్‌లోడ్ చేయక్కర్లేదు, ఆ చిన్న కీని కంపెనీ పబ్లిక్ కీతో మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసి ఇస్తే సరి.

ఎన్‌క్రిప్షన్ కీని వాలెట్ సంతకం నుంచి తయారు చేసే అలవాటు కొన్ని ప్రాజెక్టుల్లో కనిపిస్తుంది. నేను వద్దంటాను. ఏ నకిలీ సైట్ అయినా అదే వాక్యం చూపించి అదే సంతకం తీసుకోగలదు, దాంతో మొత్తం ఫైళ్లు దాని చేతిలోకి వెళ్తాయి. మెటామాస్క్ వాలెట్‌లో ఉన్న పాత ఎన్‌క్రిప్షన్, డీక్రిప్షన్ ఏపీఐ కాల్స్‌ను కూడా ఇక వాడొద్దని దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. ఎన్‌క్రిప్షన్ కోసం విడిగా ఒక కీ జత పెట్టుకోండి.

ఇప్పుడు అప్‌లోడ్. ఐపీఎఫ్‌ఎస్ నోడ్‌ను సర్వర్ మీద నడపడానికి గో భాషలో రాసిన కూబో, జావాస్క్రిప్ట్ యాప్ లోపల నడపడానికి హీలియా. పాత జేఎస్-ఐపీఎఫ్‌ఎస్ స్థానంలో వచ్చింది హీలియానే. కూబో మామూలుగా మూడు పోర్టులు వాడుతుంది: మిగతా నోడ్‌లతో మాట్లాడటానికి 4001, అడ్మిన్ ఏపీఐకి 5001, గేట్‌వేకి 8080. 5001ని ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచితే మీ నోడ్ పూర్తిగా ఎవరి చేతిలోకైనా వెళ్లిపోతుంది. ఫైర్‌వాల్‌లో ముందుగా చూడాల్సింది దీన్నే.

సీఐడీ గురించి తరచూ తికమక పడేది ఒకటుంది. పెద్ద ఫైల్ సీఐడీ, ఆ ఫైల్ ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ ఒకటి కావు. ఫైల్ ముక్కలై ఒక చెట్టులా అమరుతుంది, సీఐడీ ఆ చెట్టు మొదలు హాష్. ముక్కల సైజు మార్చినా, వెర్షన్ సెట్టింగ్ మార్చినా అదే ఫైల్‌కు వేరే సీఐడీ వస్తుంది. అందుకే సెట్టింగులను కోడ్‌లోనే స్థిరంగా రాసి పెట్టుకోండి. అసలు ఫైల్ హాష్ కూడా క్రెడెన్షియల్‌తో పాటు విడిగా దాచండి. రేపు ఐపీఎఫ్‌ఎస్ నుంచి ఇంకో స్టోరేజ్‌కు మారినా సరిచూసుకోవడం ఆగదు.

ఐపీఎఫ్‌ఎస్‌లో పెట్టడం అంటే శాశ్వతంగా ఉండటం కాదు. ఎవరో ఒకరు తమ నోడ్‌లో పిన్ చేసి (తీసేయొద్దని గుర్తు పెట్టి) ఉంచితేనే ఉంటుంది. కూబోలో యాడ్ కమాండ్‌తో చేర్చినవి వాటంతటవే పిన్ అవుతాయి. పిన్ కానివి గార్బేజ్ కలెక్షన్ నడిచినప్పుడు పోతాయి. మీ ఒక్క నోడ్ పడిపోతే ఫైల్ కూడా పడిపోయినట్టే, కాబట్టి కనీసం రెండు వేర్వేరు చోట్ల పిన్ చేయించండి.

శాశ్వతంగా కావాలంటే ఫైల్‌కాయిన్, ఆర్‌వీవ్ ఉన్నాయి కదా అంటారు. 2020 అక్టోబర్‌లో మెయిన్‌నెట్ (అసలు నెట్‌వర్క్) మొదలైన ఫైల్‌కాయిన్‌లో స్టోరేజ్ ప్రొవైడర్లు డేటా తమ దగ్గర నిజంగా ఉందని ఎప్పటికప్పుడు గణితపరంగా నిరూపిస్తూ ఉండాలి. ఒప్పందం కనీసం 180 రోజులు ఉంటుంది, ముగిసేలోపు మీరు పొడిగించుకోవాలి. ప్రొవైడర్ల నిల్వ యూనిట్ అయిన సెక్టార్ 32 లేదా 64 గిబీబైట్లు కాబట్టి చిన్న ఫైళ్లను పోగు చేసి పంపాలి. ఆ పని చేసిపెట్టే సేవలు ఉన్నాయి. బ్యాకప్‌కు ఇది మంచి చోటు. 2018లో మొదలైన ఆర్‌వీవ్‌లో ఒకసారి డబ్బు కడితే చాలు, డేటా ఉండిపోతుంది, తీసేసే దారి లేదు. కోర్సు సిలబస్, సర్టిఫికెట్ నమూనా లాంటి బహిరంగ విషయాలకు ఆర్‌వీవ్ చక్కగా పనికొస్తుంది. మనుషుల వివరాలను మాత్రం ఎన్‌క్రిప్ట్ చేసి అయినా సరే అక్కడ పెట్టకండి. ఏ కీ ఎప్పుడు బయటపడుతుందో ఎవరం చెప్పలేం, ఏ ఎన్‌క్రిప్షన్ ఎన్నేళ్లు నిలబడుతుందో కూడా చెప్పలేం.

ఏడో అడుగు: చైన్ మీద సాక్ష్యం

సర్టిఫికెట్ మీద సంస్థ సంతకం ఉన్నాక చైన్ మీద ఇంకా ఏదైనా రాయాలా? సంతకం ఎవరిదో తేల్చడానికైతే అక్కర్లేదు. ఎప్పటిదో తేల్చడానికి కావాలి. సంస్థ సంతకం కీ వచ్చే ఏడాది దొంగల చేతికి చిక్కిందనుకోండి. వాళ్లు గతేడాది తేదీ వేసి వెయ్యి నకిలీ సర్టిఫికెట్లు పుట్టించగలరు, సంతకం కూడా సరిగ్గానే ఉంటుంది. అప్పుడు అసలు ఏవో నకిలీ ఏవో విడదీసేది బ్లాక్ సమయం ఒక్కటే. గుర్తింపు యాప్‌లో బ్లాక్‌చైన్ నిజంగా చేసే పని ఇది, దీన్ని జాగ్రత్తగా కట్టాలి.

ప్రతి సర్టిఫికెట్‌కు లావాదేవీ అక్కర్లేదు. ఆ రోజు జారీ అయినవన్నీ కలిపి మెర్కిల్ ట్రీ కట్టండి. సంతకం చేసిన సర్టిఫికెట్ హాష్‌కు ర్యాండమ్ సాల్ట్ కలిపి ఒక్కో ఆకు చేయండి. కాంట్రాక్ట్ లైబ్రరీలు అందించే ఓపెన్‌జెప్లిన్‌కు ట్రీ కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ, సరిచూసే సాలిడిటీ (కాంట్రాక్టులు రాసే భాష) లైబ్రరీ రెండూ ఉన్నాయి. రెండూ ఒకే చోటివి వాడితే ఆకుల హాషింగ్‌లో తేడాలు రావు. వెయ్యి సర్టిఫికెట్లకు చైన్ మీదకు వెళ్లేది 32 బైట్ల రూట్ ఒక్కటే. ఒక్కో హోల్డర్‌కు తన ఆకు నుంచి రూట్‌ను లెక్కగట్టడానికి కావలసిన పది హాష్‌ల రుజువు, అంటే 320 బైట్లు, సర్టిఫికెట్‌తో పాటు ఇస్తే సరి.

కాంట్రాక్ట్ చాలా చిన్నది. ఇష్యూయర్ చిరునామా, రూట్ తీసుకుని ఒక ఈవెంట్ వెలువరించే ఫంక్షన్ ఒక్కటి. ఇంకో కాంట్రాక్ట్ ఆ రూట్‌ను చదవాల్సిన అవసరం ఉంటేనే స్టోరేజ్‌లో రాయండి, లేకపోతే ఈవెంట్ చాలు. ఖర్చులో కొన్ని రెట్ల తేడా ఉంటుంది. అప్‌గ్రేడ్ చేయగల ప్రాక్సీ ఇక్కడ పెట్టకండి. సాక్ష్యం ఉంచే కాంట్రాక్ట్‌ను తర్వాత ఎవరైనా మార్చగలిగితే ఆ సాక్ష్యానికి విలువ తగ్గుతుంది.

ఎనిమిదో అడుగు: రద్దు చేయడం

పొరపాటున ఇచ్చిన సర్టిఫికెట్, ఫోన్ పోయినవారి పాత సర్టిఫికెట్ రద్దు చేయాలి. దీనికి డబ్ల్యూ3సీ బిట్‌స్ట్రింగ్ స్టేటస్ లిస్ట్ ఉంది. కనీసం 1,31,072 బిట్ల పట్టీ, కుదించకముందు 16 కిలోబైట్లు. ఒక్కో సర్టిఫికెట్‌కు అందులో ఒక స్థానం. అక్కడ సున్నా ఉంటే చెల్లుతుంది, ఒకటి ఉంటే రద్దు. వెరిఫయర్ మొత్తం పట్టీని తెచ్చుకుంటాడు కాబట్టి ఎవరి సర్టిఫికెట్ చూస్తున్నాడో ఇష్యూయర్‌కు తెలియదు. స్థానాలను వరుసగా కాక ర్యాండమ్‌గా కేటాయించండి. లేకపోతే పక్కపక్క నంబర్లు చూసి ఎవరెవరు ఒకే బ్యాచ్ అన్నది ఊహించవచ్చు. ఈ పట్టీ మీద కూడా ఇష్యూయర్ సంతకం ఉంటుంది, మామూలు వెబ్ సర్వర్ మీద పెట్టినా ఫర్వాలేదు. ఒక్కో సర్టిఫికెట్ రద్దునూ విడిగా కాంట్రాక్ట్‌లో రాసే పద్ధతి నాకు నచ్చదు: ప్రతి రద్దుకూ ఖర్చు, పైగా ఎవరిది ఎప్పుడు రద్దయిందో లోకమంతా చూడొచ్చు.

తొమ్మిదో అడుగు: సరిచూసే కోడ్

కంపెనీ వైపు కోడ్ ఈ వరుసలో నడవాలి.

1. కంపెనీ సర్వర్ ఒక కొత్త ఛాలెంజ్ (ఒక్కసారికే పనికొచ్చే ర్యాండమ్ విలువ) పంపుతుంది. హోల్డర్ వాలెట్ ఆ ఛాలెంజ్, కంపెనీ డొమైన్ కలిపి తన కీతో సంతకం చేసి సర్టిఫికెట్ చూపిస్తుంది. ఇది లేకపోతే ఎవరి సర్టిఫికెట్ కాపీ అయినా ఎవరైనా చూపించుకోవచ్చు.
2. సంతకం చేసిన కీ, సర్టిఫికెట్‌లో రాసిన హోల్డర్ డీఐడీ కీ ఒకటేనా చూడాలి.
3. మెర్కిల్ రుజువుతో రూట్ లెక్కగట్టి, ఆ రూట్ ఇష్యూయర్ చిరునామా నుంచే ఏ బ్లాక్‌లో వచ్చిందో కనుక్కోవాలి.
4. ఇష్యూయర్ డీఐడీని ఆ బ్లాక్ నాటి స్థితికి రిజాల్వ్ చేసి, అప్పటి కీతో సర్టిఫికెట్ సంతకం సరిచూడాలి. ఈరోజు కీతో కాదు. సంస్థ మధ్యలో కీ మార్చినా పాత సర్టిఫికెట్లు చెల్లేది ఇందువల్లే.
5. తేదీలు, స్టేటస్ పట్టీ చూడాలి. పట్టీ దొరకకపోతే "తెలియదు" అని చూపించాలి, "చెల్లుతుంది" అని కాదు.
6. ఈ ఇష్యూయర్‌ను మేము నమ్ముతామా అన్నది చివరిగా చూడాలి.

ఆరోది చిన్నగా కనిపిస్తుంది గానీ చాలా డెమోల్లో అదే ఉండదు. ఎవరైనా ఒక డీఐడీ తయారు చేసుకుని తమకు తామే ఏ సర్టిఫికెట్ అయినా ఇచ్చుకోగలరు. గణితం ప్రకారం అది పూర్తిగా సరైనదే. ఆ డీఐడీకి ఆ సర్టిఫికెట్ ఇచ్చే హక్కు ఉందా అన్నది గణితం చెప్పదు. నమ్మదగిన ఇష్యూయర్ల జాబితాను ఎవరు నిర్వహిస్తారు, ఎవరు చేరుస్తారు, ఎవరు తీసేస్తారు అన్నది మీరు మనుషులతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

పదో అడుగు: టెస్టులు

సవ్యంగా నడిచే దారి ఒక్కటే టెస్ట్ చేసి ఊరుకోకండి. గుర్తింపు యాప్‌లో ఫెయిల్ కావాల్సినవి ఫెయిల్ అవుతున్నాయా అన్నదే అసలు పరీక్ష. ఒక అక్షరం మార్చిన సర్టిఫికెట్, గడువు దాటినది, రద్దయినది, పాత ఛాలెంజ్‌తో వచ్చినది, వేరేవాళ్ల కీతో చూపించినది, కీ మార్చాక పాత కీతో సంతకం చేసి కొత్తగా రూట్ వేసినది, ఒక్కోదానికి ఒక్కో టెస్ట్ ఉండాలి. గడువు పరీక్షలకు ఫోర్జ్‌లో సమయాన్ని ముందుకు జరిపే సౌకర్యం ఉంది. ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్లు పెట్టి టెస్ట్ రాస్తే ఫోర్జ్ తనే 256 ర్యాండమ్ విలువలతో నడిపి చూస్తుంది, మెర్కిల్ రుజువుల కోడ్‌కు ఇది బాగా ఉపయోగం. కాంట్రాక్ట్ మీద లోపాలు వెతికే స్లితర్ టూల్ ఒకసారి నడపండి.

ఎన్‌క్రిప్షన్‌కు ఒక ప్రత్యేక పరీక్ష పెట్టుకోండి. డేటాబేస్ మొత్తం ఖాళీ చేసి, హోల్డర్ వాలెట్, స్టోరేజ్ మాత్రమే ఉంచి, ఫైల్ తెరవండి. తెరుచుకుంటే డేటా నిజంగా హోల్డర్ చేతిలో ఉన్నట్టు. తెరుచుకోకపోతే ఎక్కడో ఒక కీ మీ సర్వర్ మీద ఆధారపడి ఉంది, దాన్ని వెతకండి. దీనికి తిరగేసిన పరీక్ష కూడా కావాలి. ఒక యూజర్ తొలగింపు కోరినట్టు చేసి, అన్ని పిన్‌లు తీసి, ఆ ఫైల్ కీ కాపీలన్నీ చెరిపి, మీ సర్వర్, బ్యాకప్‌ల నుంచి ఆ ఫైల్‌ను తెరవడానికి ప్రయత్నించండి. ఐరోపా జీడీపీఆర్ లాంటి చట్టాల్లో తొలగింపు హక్కు ఉంది. ఇంకెవరి నోడ్‌లోనో ఎన్‌క్రిప్టెడ్ కాపీ మిగిలిపోవచ్చు, దానికి కీ మాత్రం మీ దగ్గర మిగలకూడదు.

పదకొండో అడుగు: విడుదల

ముందు సెపోలియాలో మొత్తం చక్రం తిప్పండి: జారీ, యాంకర్ (రూట్‌ను చైన్ మీద వేయడం), చూపించడం, రద్దు, కీ మార్పు, మళ్లీ సరిచూడటం. మెయిన్‌నెట్‌లో గానీ లేయర్ 2లో గానీ డిప్లాయ్ చేసే స్క్రిప్ట్, చైన్ ఐడీ సరిపోలకపోతే అక్కడికక్కడే ఆగిపోయేలా రాయండి. లేయర్ 2 తీసుకుంటే డీఐడీ ఈథర్ రిజిస్ట్రీ ఆ నెట్‌వర్క్‌లో ఉందో లేదో, రిజాల్వర్‌కు ఆ చైన్ ఐడీ చెప్పారో లేదో చూసుకోండి. రిజిస్ట్రీ ఒక చైన్ మీద, యాంకర్ ఇంకో చైన్ మీద ఉంటే "ఆ బ్లాక్ నాటి స్థితి" అన్న మాటకు అర్థమే ఉండదు, కాబట్టి రెండూ ఒకే చైన్ మీద ఉంచండి. కాంట్రాక్ట్ సోర్స్‌ను ఈథర్‌స్కాన్‌లోనో సోర్సిఫైలోనో వెరిఫై చేయించండి, బయటివాళ్లు చదివి చూసుకోగలగాలి.

డీఐడీ ఓనర్ కీని రోజువారీ సర్వర్‌లో ఉంచకండి. హార్డ్‌వేర్ వాలెట్‌లో, వీలైతే ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటేనే కదిలే మల్టీసిగ్‌లో ఉంచండి. సర్వర్‌లో ఉండేది గడువుతో కూడిన డెలిగేట్ కీ (ఓనర్ తరఫున సంతకం చేసే కీ) మాత్రమే. ఈఆర్‌సీ-1056లో డెలిగేట్‌కు చెల్లుబాటు కాలం సెకన్లలో ఇస్తారు. దాన్ని 90 రోజులకు పెట్టి, గడువుకు రెండు వారాల ముందు కొత్త కీ చేర్చే పనిని క్యాలెండర్‌లో ఇద్దరు వేర్వేరు వ్యక్తుల పేరు మీద వేయండి. స్టేటస్ పట్టీ ఉన్న సర్వర్‌కు క్యాష్ గడువు కొన్ని నిమిషాలకే పరిమితం చేయండి. లేకపోతే ఉదయం రద్దు చేసిన సర్టిఫికెట్ సాయంత్రం దాకా చెల్లుతూనే కనిపిస్తుంది.